సాయంత్రం తెరుచుకునే గది

తెలుగులో ‘యువజన కార్యకర్త’ అనగానే ముందు కళ్లకు కట్టేది పార్టీ కండువా, బైక్ ర్యాలీ, ఫ్లెక్సీలో ఓ మూలన చిన్న ఫొటో. ఇంగ్లండ్‌లో ‘యూత్ వర్కర్’ అంటే వేరే మనిషి. బడి వదిలాక ఆ మనిషికి పని మొదలవుతుంది. పేటలో ఉన్న హాలు తాళం తీస్తాడు, టేబుల్ టెన్నిస్ బల్ల సర్దుతాడు, టీకి నీళ్లు పెడతాడు, వచ్చిన పిల్లలతో కబుర్లలో పడతాడు. వాళ్లు పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లు. హాజరు పట్టీ చూసి ఎవరినీ నిలదీసేది లేదు, పరీక్ష లేదు. విసుగొస్తే లేచి వెళ్లిపోవచ్చు. పంతులుకూ పోలీసుకూ సంక్షేమ అధికారికీ పిల్లల మీద ఏదో ఒక అధికారం ఉంటుంది. యూత్ వర్కర్‌కు అదేమీ లేదు. పిల్లవాడు రేపు మళ్లీ రావాలనుకుంటేనే ఆ ఉద్యోగం నడుస్తుంది.

ఈ పనిని జీతమిచ్చే వృత్తిగా, యూనివర్సిటీ డిగ్రీతో చేసే వృత్తిగా నిలబెట్టిన తొలి దేశాల్లో ఇంగ్లండ్ ఒకటి. కోతలతో దాన్ని కుప్పకూల్చిందీ ఆ దేశమే. మధ్యలో దాదాపు నూట ఎనభై ఏళ్ల కథ ఉంది. ఆ కథ పొడుగునా ఒకే సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: యువకులంటే భయం పుట్టినప్పుడల్లా ప్రభుత్వం ఖజానా తెరిచింది, భయం చల్లారగానే మూసింది.

మొదట్లో ఇందులో ప్రభుత్వం ఊసే లేదు. 1844 జూన్ 6న లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చికి దగ్గరలో ఓ బట్టల దుకాణం పైగదిలో కొందరు కుర్రాళ్లు చేరారు. అక్కడ గుమాస్తాగా ఉన్న జార్జ్ విలియమ్స్ వాళ్లను పోగుచేశాడు. పల్లెల నుంచి వచ్చి, పగలంతా కొట్లో నిలబడి, రాత్రి ఆ కొట్టు పైనే పడుకునే కుర్రాళ్లు వాళ్లు. సాయంత్రం వేళ వాళ్లకున్న దారి సారా కొట్టు ఒక్కటే. ప్రార్థనకు, చదువుకు, స్నేహానికి ఒక చోటు కావాలని వాళ్లు పెట్టుకున్న సంఘమే వైఎంసీఏ. అది పెరిగేకొద్దీ ఊరూరా జీతం తీసుకునే ‘సెక్రటరీ’లు వచ్చారు. కుర్రాళ్ల మధ్య తిరగడమే పూర్తికాలపు ఉద్యోగంగా చేసిన తొలి తరం వాళ్లే అనుకోవచ్చు.

ఆ తరంలో ఒకరు మన నేల మీదికీ వచ్చారు. తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1895 నుంచి 1909 దాకా దక్షిణ భారతంలో వైఎంసీఏ సెక్రటరీగా ఊళ్లు తిరిగారు. తర్వాత నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడి బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. డోర్నకల్ మీదుగా రైల్లో వెళ్లేవాళ్లకు ఆయన పేరు బిషప్‌గానే తెలుసు. అంతకుముందు పద్నాలుగేళ్లు ఆయన చేసింది, ఇవాళ్టి మాటలో చెప్పాలంటే, యూత్ వర్క్.

ఆడపిల్లల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1880లో లండన్ సోహో పేటలో మాడ్ స్టాన్లీ అనే సంపన్న ఇంటి మహిళ, పనికి వెళ్లే అమ్మాయిల కోసం క్లబ్ తెరిచింది. తత్వవేత్త బెర్‌ట్రాండ్ రస్సెల్‌కు ఆమె పెద్దమ్మ. పదేళ్ల అనుభవాన్ని 1890లో పుస్తకంగా రాసింది. గది ఎలా ఉండాలి, అద్దె ఎలా కట్టాలి, అల్లరి చేసే పిల్లను బయటికి పంపాలా వద్దా అన్నవన్నీ ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ వాదించుకునే విషయాలే. 1895లో ఎమ్మెలిన్ పెథిక్, మేరీ నీల్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు కుట్టుపని చేసే అమ్మాయిల కోసం ఎస్పెరాన్స్ క్లబ్ పెట్టారు. పాటలు, నృత్యాలు నేర్పారు. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా కుట్టీ కుట్టీ సొమ్మసిల్లి వచ్చే పిల్ల ఏం పాడుతుంది? అందుకని రోజుకు ఎనిమిది గంటలే పనిచేయించే సొంత కుట్టు దుకాణం కూడా తెరిచారు. పెథిక్ తర్వాత మహిళల ఓటు హక్కు ఉద్యమంలో నాయకురాలైంది. గదిలోకి వచ్చిన పిల్ల కష్టం వింటే ఆ కష్టానికి కారణమేమిటో వెతక్క తప్పదని వాళ్లకు పనిలోనే తెలిసింది. ఈ వృత్తి చరిత్రలో అన్నిటికన్నా విలువైన పాఠం ఇదేననిపిస్తుంది.

ప్రభుత్వం అడుగుపెట్టింది యుద్ధంతో. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. తండ్రులు సైన్యంలోకి, తల్లులు ఫ్యాక్టరీల్లోకి వెళ్లారు. వీధి దీపాలు ఆర్పేశారు. పద్నాలుగేళ్లకే బడి మానేసిన పిల్లలు చీకటి వీధుల్లో ఏమైపోతారోనన్న బెంగ పట్టుకుంది. ఆ నవంబరు 27న విద్యా బోర్డు 1486 నంబరు సర్క్యులర్ పంపింది. ‘యువత సేవలో’ అని దాని పేరు. పద్నాలుగు నుంచి ఇరవై ఏళ్ల లోపు వాళ్ల బాగోగులు చూడటానికి స్థానిక విద్యాధికార సంస్థలు కమిటీలు వేసి, స్వచ్ఛంద సంస్థలతో కలిసి పనిచేయాలని చెప్పింది. ఇంగ్లండ్‌లో ‘యూత్ సర్వీస్’ పుట్టుక అదే.

అయిదేళ్లకు, 1944లో, మెక్‌నేర్ కమిటీ ఉపాధ్యాయులతో పాటు యువజన నాయకుల శిక్షణ మీద కూడా నివేదిక ఇచ్చింది. వాళ్లకూ సరైన శిక్షణ ఉండాలి, ఉపాధ్యాయులతో పోల్చదగ్గ జీతం ఉండాలి అని. ఉపాధ్యాయుల భాగం అమల్లోకి వచ్చింది, యువజన నాయకుల భాగం అటకెక్కింది. యుద్ధం అయిపోయింది, ఇళ్లు కట్టాలి, బడులు కట్టాలి, డబ్బు లేదు. యూనివర్సిటీల్లో మొదలైన శిక్షణ కోర్సులు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆ కరువు రోజుల్లో ఈ పనికి సిద్ధాంతమంటూ అందించిన మనిషి జోసెఫిన్ మెకాలిస్టర్ బ్రూ. 1946లో వచ్చిన ఆమె పుస్తకం పేరే ‘ఇన్‌ఫార్మల్ ఎడ్యుకేషన్’. పిల్లల దగ్గరికి చదువును మోసుకెళ్లడం కాదు, వాళ్లు ఇష్టపడి చేసే పనిలోంచే చదువును పైకి తీయాలంటుంది ఆమె. డాన్సు హాలైనా, ఫుట్‌బాల్ అయినా, సినిమా గురించిన వాదన అయినా సరే. 1957లో ఆమె పోయింది. అప్పటికి యూత్ సర్వీస్ కూడా కొన ఊపిరితోనే ఉంది.

మరుసటి సంవత్సరం మళ్లీ భయం పుట్టింది.

1958 నాటి ఇంగ్లండ్‌లో కుర్రకారు చేతిలో తొలిసారి డబ్బు ఆడుతోంది. రాక్ అండ్ రోల్ వచ్చింది. పొడుగు కోట్లు, బిగుతు ప్యాంట్లు వేసిన ‘టెడ్డీ బాయ్స్’ పేరు చెబితే పత్రికలు వణికిపోయాయి. ఆ వేసవి చివర్లో లండన్‌లోని నాటింగ్ హిల్‌లో తెల్లజాతి కుర్రాళ్ల గుంపులు కరీబియన్ నుంచి వచ్చిన నల్లజాతివాళ్ల మీద పడి కొట్టాయి. తప్పనిసరి సైనిక సేవ ఎత్తేస్తున్నారు. అంటే పద్దెనిమిదేళ్లు నిండిన లక్షల మంది కుర్రాళ్లు ఇక బారకుల్లో కాక వీధుల్లో ఉంటారు. యుద్ధం తర్వాత పుట్టిన పెద్ద తరం కౌమారంలోకి వచ్చేస్తోంది. నవంబరులో విద్యాశాఖ మంత్రి జెఫ్రీ లాయిడ్ ఒక కమిటీ వేశాడు. అధ్యక్షురాలు అల్బెమార్ల్ కౌంటెస్ డయానా. సభ్యుల్లో కార్మికవాడ సంస్కృతి మీద ఏడాది ముందే పేరుపొందిన పుస్తకం రాసిన రిచర్డ్ హోగార్ట్, ఉడ్‌క్రాఫ్ట్ ఫోక్ అనే బాలల సంస్థను స్థాపించిన లెస్లీ పాల్, పనిచేసే అమ్మాయిల జీవితాలను ఏళ్ల తరబడి పరిశోధించిన పెర్ల్ జెఫ్‌కాట్ ఉన్నారు.

1960 ఫిబ్రవరిలో వాళ్ల నివేదిక వచ్చింది. ప్రభుత్వ నివేదికల్లో ఇంత ప్రేమగా రాసినవి తక్కువ. భయంతో వేసిన కమిటీ భయపడకుండా రాసింది. చెడిపోతున్నది కుర్రాళ్లు కాదు, వాళ్ల చుట్టూ ఉన్న లోకం మారిపోతోంది, పెద్దవాళ్లే దాన్ని అర్థం చేసుకోలేదు అన్నది దాని సారాంశం. యూత్ సర్వీస్ అసలు పని మూడు మాటల్లో తేల్చింది: కలిసి ఉండే చోటు, నేర్చుకునే వీలు, తమను తాము పరీక్షించుకునే సవాలు. దేశం మొత్తానికి పూర్తికాలపు యువజన నాయకులు 700 మందే ఉన్నారని లెక్క తేల్చి, 1966 కల్లా 1,300 మంది కావాలంది. పదేళ్ల ప్రణాళిక, దాన్ని నడిపించే ఒక మండలి, జీతాలు తేల్చే కమిటీ, అత్యవసరంగా ఒక శిక్షణ కళాశాల అడిగింది. ప్రభుత్వం దాదాపు వెంటనే ఒప్పుకుంది.

1961లో లెస్టర్‌లో ఆ జాతీయ కళాశాల తెరుచుకుంది. ఏడాది కోర్సు. దుకాణాల్లోంచి, ఫ్యాక్టరీల్లోంచి, సైన్యంలోంచి వచ్చిన వాళ్లు అందులో చేరారు. చిన్న గుంపులుగా కూచుని తమ అనుభవాలను తామే విప్పి చూసుకోవడం, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో క్షేత్రంలో పనిచేయడం అక్కడి పద్ధతి. అదే ఏడాది జీతభత్యాల ఉమ్మడి కమిటీ ఏర్పడింది. యూత్ వర్కర్‌కు ఒక జీతపు స్కేలు, ఒక అర్హత, వృత్తి అని చెప్పుకోదగ్గ ఒక రూపం వచ్చాయి. ఊళ్లలో కొత్త భవనాలు లేచాయి. బ్రిస్టల్ శివారు వితీవుడ్‌లో మంత్రిత్వ శాఖ వాస్తుశిల్పులే నమూనా క్లబ్ గీసి కట్టించారు. అప్పటిదాకా చర్చి వెనక పాత హాళ్లూ, తడిసిన గోడలూ తప్ప ఎరగని పిల్లలకు కాఫీ బార్, మెత్తటి కుర్చీలు, పెద్ద కిటికీలు దొరికాయి. భవనం కూడా ఒక మాట చెబుతుంది. మీకోసం కూడా మంచి వస్తువు కొంటాం అన్న మాట ఆ కిటికీల్లోంచి పిల్లలకు వినిపించి ఉంటుంది.

ఎంత మంచి భవనమైనా గడప తొక్కని వాళ్లు తొక్కలేదు. వాళ్ల దగ్గరికి మనమే వెళ్తే? 1960 నుంచి మూడేళ్ల పాటు కొన్ని ఊళ్లలో ఒక ప్రయోగం జరిగింది. క్లబ్ లేదు, బోర్డు లేదు. వర్కర్లు కాఫీ బార్లలో కూచునేవాళ్లు, వీధి మూలల్లో నిలబడేవాళ్లు, తామెవరో ముందే చాటుకోకుండా మెల్లగా పరిచయాలు పెంచుకునేవాళ్లు. ఆ అనుభవాన్ని మేరీ మోర్స్ 1965లో పెంగ్విన్ పుస్తకంగా రాసింది, ఊళ్ల అసలు పేర్లు చెప్పకుండా. పేరు ‘ది అన్‌అటాచ్డ్’. ఎవరికీ ఏ సంస్థకూ అంటని కుర్రాళ్ల పుస్తకం అది. ఒక్కొక్క పలకరింపుకు ఎన్నాళ్లు పట్టిందో, ఒక్క తప్పు మాటతో నెలల నమ్మకం ఎలా చెదిరిందో చదువుతుంటే ఈ పనిలోని ఓర్పు అర్థమవుతుంది. వీధిలోకే వెళ్లి చేసే ఈ పనికి ‘డిటాచ్డ్ వర్క్’ అన్న పేరు నిలిచిపోయింది.

1967లో ఇంకో నివేదిక వచ్చింది, వలసవచ్చిన కుటుంబాల పిల్లల గురించి. ఆ కమిటీ అధ్యక్షుడు లార్డ్ హంట్. 1953లో టెన్సింగ్, హిల్లరీలను ఎవరెస్టు ఎక్కించిన జట్టుకు నాయకుడు ఆయనే. కరీబియన్, భారత, పాకిస్తానీ కుటుంబాల పిల్లలు అప్పటికి బర్మింగ్‌హామ్‌లోనూ లండన్‌లోనూ పెరుగుతున్నారు. క్లబ్బు తలుపు అందరికీ తెరిచే ఉంది కదా అనడం సరిపోదని, లోపల తమవాళ్లెవరూ లేని గదిలోకి ఎవరూ రారని ఆ కాలం నుంచే ఈ వృత్తికి తెలిసివచ్చింది.

తర్వాత ఉత్సాహం తగ్గింది. 1970లో లెస్టర్ కళాశాల మూతపడింది, శిక్షణ వేరే కళాశాలలకు వెళ్లింది. యువజన సేవను పేట మొత్తం సేవతో కలపాలని 1969లో వచ్చిన నివేదికను 1971లో విద్యాశాఖ మంత్రి మార్గరెట్ థాచర్ పక్కన పెట్టింది. 1982లో మరో నివేదిక వచ్చింది. పెద్దగా చలనం లేదు.

2001 తర్వాత డబ్బు వచ్చింది, దానితో పాటు లెక్కలూ వచ్చాయి. 13 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 25 శాతం మందిని చేరాలన్నారు. చేరిన వాళ్లలో ఇంతమందికి ‘నమోదైన ఫలితం’ ఉండాలి, ఇంతమందికి సర్టిఫికెట్ ఉండాలి అన్నారు. ప్రజల సొమ్ముకు జవాబు చెప్పాలనడంలో తప్పులేదు. కానీ తండ్రి కొట్టాడన్న మాటను ఒక అమ్మాయి ఎనిమిది నెలల తర్వాత కేరమ్స్ ఆడుతూ ఆడుతూ చెబితే, దాన్ని ఏ గడిలో రాయాలి? ఆ ఎనిమిది నెలలూ ‘ఫలితం లేని’ నెలలేనా? సాయంత్రం పిల్లలతో ఉండాల్సిన మనిషి కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలైంది. 2009లో టోనీ టేలర్ అనే పాత తరం యూత్ వర్కర్ రాసిన బహిరంగ లేఖ చుట్టూ ‘ఇన్ డిఫెన్స్ ఆఫ్ యూత్ వర్క్’ అన్న ఉద్యమం పుట్టింది. పిల్లలు ఇష్టపడి రావడం, ముందే రాసిపెట్టిన ఫలితాలు లేకపోవడం, ఈ రెండూ పోతే ఇది యూత్ వర్కే కాదన్నారు వాళ్లు.

2010 సెప్టెంబరు నుంచి ఈ వృత్తిలోకి రావాలంటే డిగ్రీ ఉండాలన్న నియమం అమల్లోకి వచ్చింది. యాభై ఏళ్ల నుంచి కోరుకున్న గౌరవం అది. కానీ ఆ ఏడాదే అధికారంలోకి వచ్చిన కొత్త ప్రభుత్వం పొదుపు మొదలుపెట్టింది. చేతికి పట్టా వచ్చేసరికి ఉద్యోగం లేదు. వైఎంసీఏ లెక్కల ప్రకారం 2010-11లో ఇంగ్లండ్, వేల్స్‌లలో యువజన సేవల మీద స్థానిక సంస్థల ఖర్చు సుమారు 140 కోట్ల పౌండ్లు. 2018-19 నాటికి అది 43 కోట్లకు దిగింది. ఎనిమిదేళ్లలో దాదాపు 70 శాతం కోత. వరుసగా క్లబ్బులు మూశారు, వర్కర్లను తీసేశారు, యూనివర్సిటీల్లో కోర్సులూ మూతపడటం మొదలైంది.

ఇంత సులువుగా ఎలా కోయగలిగారు? చట్టంలో ఉన్న కొన్ని మాటల వల్ల. 1996 విద్యా చట్టంలో 507బి సెక్షన్ ఉంది. 2006 సవరణతో వచ్చింది. యువతకు విరామ వేళల్లో విద్య, వినోదం అందేలా చూడటం స్థానిక సంస్థల బాధ్యత అంటుంది. ఆ వెంటనే ‘ఆచరణలో సాధ్యమైనంత వరకు’ అంటుంది. ఎంత అందించాలో, ఎవరు అందించాలో కొలత లేదు. డబ్బు లేని కౌన్సిల్‌కు ఆ నాలుగు మాటలు చాలు.

2011 ఆగస్టులో లండన్‌లోని టాటెన్‌హామ్‌లో పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోవడంతో అల్లర్లు మొదలై దేశమంతా పాకాయి. టాటెన్‌హామ్ ఉన్న హ్యారింగే బరోలో అంతకు కొద్ది నెలల ముందే 13 యూత్ క్లబ్బుల్లో 8 మూసేశారు. క్లబ్బులుంటే అల్లర్లు జరిగేవి కావని అనలేం. కానీ అలాంటి రాత్రి కుర్రాళ్లను పేరుపెట్టి పిలవగల పెద్దమనిషి ఒకరు వీధిలో ఉండటం వేరు, లేకపోవడం వేరు.

1958లోలా ఈసారీ భయం డబ్బు తెచ్చింది, కానీ వేరే దారిన. ప్రధాని డేవిడ్ కామెరాన్‌కు ఇష్టమైన ‘నేషనల్ సిటిజన్ సర్వీస్’ మీద పడింది ఆ డబ్బు. పదహారు, పదిహేడేళ్ల వాళ్లకు వేసవిలో కొన్ని వారాల శిబిరం అది. స్థానిక సంస్థల సంఘం 2018లో చెప్పిన ప్రకారం, నాలుగేళ్లలో కేంద్రం యువజన సేవలకు పెట్టిన 66.8 కోట్ల పౌండ్లలో 63.4 కోట్లు ఈ ఒక్క పథకానికే పోయాయి. శిబిరం మంచిదే. నవంబరు వానలో, ఇంట్లో గొడవై బయటికొచ్చిన పిల్లవాడికి ఆగస్టు శిబిరం ఏం చేస్తుంది? 2024 నవంబరులో అప్పటి ప్రభుత్వం ఆ పథకానికి స్వస్తి పలికి, కొత్త జాతీయ యువజన వ్యూహం తెస్తామని ప్రకటించింది.

అదే నెలలో లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ ఒక అధ్యయనం విడుదల చేసింది. 2010, 2019 మధ్య లండన్‌లో 30 శాతం యూత్ క్లబ్బులు మూతపడ్డాయి. దగ్గర్లోని క్లబ్ మూతపడిన 10-17 ఏళ్ల పిల్లలు నేరాలకు పాల్పడే అవకాశం 14 శాతం పెరిగింది. పదహారేళ్ల పరీక్షల్లో వాళ్ల మార్కులు ఒక సబ్జెక్టులో అర గ్రేడు మేర తగ్గాయి. మిగిల్చిన ఒక్కో పౌండుకు సమాజం మీద దాదాపు మూడు పౌండ్ల భారం పడింది. కొలవలేరన్న పని ఇన్నాళ్లకు, దాన్ని తీసేశాక కొలతకు వచ్చింది.

ఇప్పుడు అక్కడి చర్చ అంతా ఒక పేరు చుట్టూ తిరుగుతోంది. ఇంగ్లండ్‌లో ఎవరైనా తమను యూత్ వర్కర్ అని చెప్పుకోవచ్చు, ఆ పేరుకు చట్టం రక్షణ లేదు. పక్కనే ఉన్న వేల్స్‌లో 2017 నుంచి అర్హత ఉన్న యూత్ వర్కర్లు ఉపాధ్యాయుల్లాగే విద్యా సిబ్బంది మండలిలో నమోదు కావాలి. చిన్న ద్వీపదేశం మాల్టా 2014లో ఏకంగా యూత్ వర్క్ వృత్తి చట్టమే చేసింది. నమోదు వస్తే ఇరవై ఏళ్లుగా వారానికి రెండు సాయంత్రాలు ఉచితంగా వచ్చే పేట అక్కను ఏం చేస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. రెండు రకాల మనుషులూ కావాలి. అక్కకు తోడుగా, ఆపద కనిపెట్టగల శిక్షణ ఉన్న ఒక పూర్తికాలపు మనిషి ఉండాలి, ఆ మనిషికి నెలనెలా జీతం రావాలి. అక్కడి పిల్లలకు ఇప్పుడు లేనిది ఆ రెండో మనిషి.

మన దగ్గర ఈ వృత్తికి పునాదులు లేవనలేం. 1969 సెప్టెంబరు 24న 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) మొదలైంది. తెలుగు నేల మీద కాలేజీ చదివిన చాలామందికి ఊరి బళ్లో పడుకుని, రోడ్డు మీద మట్టి పోసి, రాత్రి నాటిక వేసిన ఎన్.ఎస్.ఎస్. క్యాంపు ఒక తీపి జ్ఞాపకం. దాన్ని నడిపించేది ప్రోగ్రామ్ ఆఫీసర్. ఆయన అసలు ఉద్యోగం పాఠం చెప్పడం. వంద మంది వాలంటీర్ల యూనిట్ ఆ పనికి అదనం. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. కామన్వెల్త్ యువజన కార్యక్రమం ఆసియా కేంద్రం చండీగఢ్‌లో ఉండేది. ఈ పనిలో డిప్లొమా కోర్సును ఆ కార్యక్రమమే ఆసియా దేశాలకు తెచ్చింది. ఆ కేంద్రం ఇప్పుడు లేదు. శ్రీపెరంబుదూరులో 1993లో పుట్టిన రాజీవ్ గాంధీ జాతీయ యువజన అభివృద్ధి సంస్థకు 2012లో పార్లమెంటు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా ఇచ్చింది. అక్కడ పీజీ చేసి వచ్చిన వాళ్లకు, టీచరుకు డీఎస్సీ ఉన్నట్టు, ఏ జిల్లాలోనూ ‘యూత్ వర్కర్’ అన్న పోస్టు లేదు.

గ్రామాల్లో ఆ పని చేసింది నెహ్రూ యువ కేంద్రాల జాతీయ యువ వాలంటీర్లు. 18 నుంచి 29 ఏళ్ల వాళ్లు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, గరిష్ఠంగా రెండేళ్లు. యువజన సంఘం పెట్టించడం, ఆటల పోటీలు, రక్తదాన శిబిరాలు, ఇంటింటి ప్రచారం అన్నీ వాళ్ల మీదే ఉండేవి. మండలంలో ఏ కుర్రాడు చదువు మానేశాడో, ఏ అమ్మాయికి ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయో తెలిసేసరికి ఏడాది గడిచేది. వాళ్లు మనసు విప్పి మాట్లాడటానికి ఇంకో ఏడాది. అప్పటికి గడువు అయిపోయేది. ఆ వాలంటీరు తన బతుకుతెరువు వెతుక్కుంటూ హైదరాబాదో విజయవాడో బస్సెక్కేవాడు, కొత్తగా వచ్చిన మనిషి మళ్లీ పేర్లు అడగడం దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు.